జసుళి గోలూ దేవుడికి పెట్టిన ఫిర్యాదు

జసుళి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయినా మొగుడి సైనిక కాగితాల్లోని ఒక ముక్క మాత్రం కళ్లు మూసుకుని అప్పజెప్పేది: "విధుల్లో లేని సమయమున మద్యం సేవించి జారిపడినాడు."

ఆ ముక్క వల్లే హయాత్ సింగ్‌కు వైకల్య పింఛను రాలేదు. పింఛను సంగతి అలా ఉంచండి. పెళ్లిళ్లలో కూడా గ్లాసు ముట్టని మనిషి కర్ర ఊతంతో బజారులోకి దిగితే, "తాగుబోతు సిపాయి వస్తున్నాడు, మెట్లు జాగ్రత్తరోయ్" అని అంగళ్ల దగ్గరివాళ్లు నవ్వేవారు. అతను తల దించుకునేవాడు. ఆమె దించుకునే రకం కాదు. ఆ మాట కాగితంలోంచి కొట్టేయిస్తే గానీ చావనని ఒట్టు పెట్టుకుంది.

రాసింది ఎవరో ఊరందరికీ తెలుసు. పై వాడ త్రిలోక్ సింగ్. మంచుకొండ మీద హయాత్ ఉన్న పోస్టుకు అప్పట్లో హవల్దారు, వరసకు అన్న. తన బంకరు వెచ్చగా ఉండాలని, మంచు పెళ్లలు విరిగిపడుతుంటే, కింది పోస్టు నుంచి కిరోసిన్ పొయ్యి మోసుకు రమ్మని హయాత్‌ను పంపాడు. హయాత్ పొయ్యితో సహా లోయలో పడ్డాడు. ఎడమ మోకాలు నుగ్గయింది. ఎవరు పంపారని పైవాళ్లు అడిగితే తన మెడకు చుట్టుకుంటుందని త్రిలోక్ ఈ తాగుడు కథ అల్లాడు. ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చి, "సంతకం పెట్టరా తమ్ముడూ, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. సొంత ఊరి అన్న చెబితే మా కొండవాడు కాగితం చదువుతాడా? పెట్టేశాడు. అదీ మావాళ్ల తెలివి!

ఆ తర్వాత త్రిలోక్ సూబేదారయ్యాడు. ఊరికొచ్చి మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లకు దండలు వేయడం మాకు అలవాటే. అతని మెడలో దండ చూసిన ప్రతిసారీ జసుళి ఆ తాగుడు ముక్క మళ్లీ అప్పజెప్పుకునేది.

ఆమె హయాత్ నల్ల ట్రంకు పెట్టె తెరిచి కూర్చుంది. పాత స్వెటరు విప్పి ఊలు తీసింది. ఆసుపత్రి కాగితాలకు ఎర్ర ఊలు, సాక్షుల మాటలకు ఆకుపచ్చ ఊలు, త్రిలోక్ రాసినవాటికి నల్ల ఊలు కట్టింది. నల్ల కట్ట ముట్టుకుంటే చేతులు కడుక్కునేది. ఆసుపత్రిలో చేర్చిన రోజు చీటీ వెనక డాక్టరు గీకిన ఒక వరుస దొరికింది: "స్పృహలో ఉన్నాడు. మద్యం వాసన లేదు." చీటీని కళ్లకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత రెండు కొండలు దాటి, హయాత్ తోటి సిపాయి దుర్గా సింగ్ గుమ్మంలో నిలబడింది.

"చూశాను వదినా. ఆ పొయ్యి అన్న వీపుకు కట్టింది నేనే," అన్నాడతను. "కానీ రాసిస్తే త్రిలోక్ సంఘంలో నా కాగితాలు కదలనివ్వడు."

"సరే మరిదీ, రాయకు. మా తోడికోడలి గాజులు రెండు అడిగి వేసుకో. చేతికి బాగుంటాయి."

లోపలి నుంచి అతని పెళ్లాం కిసుక్కున నవ్వింది. సాయంత్రంలోగా ఆకుపచ్చ ఊలుకు మరో కాగితం చేరింది.

జిల్లా కార్యాలయం గుమస్తా కట్టలన్నీ తిరగేసి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని పెదవి విరిచాడు. "అన్నీ ఉన్నాయమ్మా. పొయ్యి తెమ్మని ఆజ్ఞ ఇచ్చిందెవరు? ఆ రుజువు లేకపోతే సొంత పని మీద పోయాడంటారు."

ఇచ్చినవాడి నోరు తప్ప ఆ రుజువు ఇంకెక్కడుంటుంది? కోర్టుకు భయపడనివాళ్లు మా కొండల్లో బోలెడుమంది. ఫిర్యాదు చేస్తే న్యాయం తీర్చే గోలూ దేవుడికి భయపడనివాడు ఒక్కడుంటే చూపించండి. జసుళి స్టాంపు కాగితం కొని, త్రిలోక్ పేరు, ఊరు, చేసిన పాపం రాసి, గుడిలో గంటల నడుమ తీగకు కట్టింది. దీన్ని ఘాత్ వేయడం అంటాం. తప్పు చేసినవాడి ఇంటిమీదికి దేవుణ్ణి తోలడమన్నమాట. మర్నాడు ఊటబావి దగ్గర బిందె నింపుకుంటూ నలుగురికీ వినబడేలా ఆ సంగతి చెప్పింది. ఇక చాటింపు అక్కర్లేదు.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం మొదలైంది. త్రిలోక్ గేదె పాలు ఎగ్గొట్టింది. గేదెలన్నాక ఎగ్గొడతాయి, కానీ త్రిలోక్‌కు చెమటలు పట్టాయి. ఇంటికప్పు పలక జారింది. జసుళి గడ్డికి వెళ్తూ రోజూ అతని వాకిట్లో ఆగేది. "బావగారూ, గేదె కులాసానా?"

నెల తిరక్కుండానే కర్ర పట్టుకుని ఆమె గుమ్మానికి వచ్చాడు.

"అమ్మా జసుళీ, ఘాత్ ఎత్తేయ్ తల్లీ. మోకాలు వాచిపోయింది, అడుగు పడనివ్వడం లేదు."

"అయ్యయ్యో! ఏ మోకాలు బావగారూ?"

"ఎడమది."

"మా ఆయనదీ ఎడమదే. పోన్లెండి, అన్నదమ్ములిద్దరికీ జత కర్రలు కొందాం."

"పెద్దవాణ్ణి, చేతులు జోడిస్తున్నా."

"జోడించకండి. చేతులతో పనుంది." రెండు స్టాంపు కాగితాలు అతని ముందు పెట్టింది. "ఒకటి పింఛను బోర్డుకి, ఒకటి దేవుడికి. రెండింట్లో ఒకటే మాట ఉండాలి."

పొయ్యి తెమ్మన్నది తానేననీ, హయాత్ చుక్క ముట్టలేదనీ, కథ అల్లింది తానేననీ రాశాడు. రాస్తున్నంతసేపూ హయాత్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జసుళికి అది చాల్లేదు. పింఛన్ల రోజు బ్యాంకు మెట్ల మీద, సంఘం వాళ్లందరి ఎదుట అది చదివించింది. తాను అందరికంటే వెనక నిలబడి, "వినబడలేదు బావగారూ" అని మళ్లీ చదివించింది. చదివి దిగేటప్పుడు అతనికి చెయ్యందించినవాడు లేడు.

ఏడాదికి బోర్డు ఉత్తరం వచ్చింది. తాగుడు మాట కొట్టేశారు. "విధి నిర్వహణలో కలిగిన గాయం" అని రాశారు. హయాత్ ఉత్తరం జేబులో పెట్టుకుని, టోపీ సర్దుకుని, పనేమీ లేకపోయినా బజారు ఆ చివరి దాకా నడిచి వచ్చాడు.

ఇక మిగిలింది ఘాత్ ఎత్తేయడం. ముగ్గురూ గుడికి వెళ్లారు. త్రిలోక్ చేతిలో, ఘాత్ తీరాక దేవుడికి కట్టే కొత్త గంట ఉంది.

పూజారి జసుళిని ముందుకు పిలిచాడు. "వేసినమ్మే నోరు తెరిచి చెప్పాలి. మనసు చల్లారిందా తల్లీ?"

"చల్లారిందని చెప్పవే. నాకిది చాలు," అన్నాడు హయాత్ మెల్లగా.

జసుళి దేవుడి వైపు చూసింది. చెబుదామనే వచ్చింది. నోరు కూడా తెరిచింది. ఇరవై రెండేళ్లు దించిన మొగుడి తల కళ్లముందు నిలిచింది.

"చల్లారలేదు పూజారిగారూ."

"అదేమిటే! చెప్పినవన్నీ చేశానుగా!" త్రిలోక్ గంట ముందుకు చాపాడు.

"చేశారు, కాదనను. కానీ ఈ దేవుడి ముందు అబద్ధమాడమంటారా బావగారూ? నాకూ మోకాళ్లున్నాయి."

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పూజారి గంట తీసుకోలేదు.