ఒంటెక్క దాహం

ఆ పేరు పెట్టింది నేనే. ఇంకెవరో చెప్పగా మీరు వినడం కంటే నా నోటితో నేనే ఒప్పుకోవడం మర్యాద.

మాది నాలుగంతస్తుల బట్టల దుకాణం. కింద, మెట్ల పక్కన, అలమార అంత గదిలో కుట్టుమిషను ముందు నేను కూర్చుంటాను. కొన్న ప్యాంటు పొడవైతే అడుగు మడిచి కుడతాను, చొక్కా బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తాను. ముప్పయ్యేళ్ళుగా ఇదే పని. కూర్చుని కూర్చుని నాకు నడుం పోయింది. పై అంతస్తుల్లో అమ్మే ఆడవాళ్ళకి నిలబడి నిలబడి కాళ్ళు పోయాయి. కౌంటర్ వెనక ఒక్క కుర్చీ ఉండదు. అమ్మే మనిషి కూర్చుని కనిపిస్తే వచ్చినవాళ్ళకి కొనబుద్ధి కాదని మా యజమాని నమ్మకం.

కూర్చోవడం సంగతి అలా ఉంచండి. ప్రతి అంతస్తుకీ అరచేయంత చెక్క బిళ్ళ ఒకటి ఉంటుంది. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకి వేలాడుతుంది. పాయిఖానాకి వెళ్ళాలంటే ఆ బిళ్ళ అడిగి తీసుకోవాలి, చేత్తో పట్టుకుని మెట్లు దిగాలి, పెరట్లోకి వెళ్ళి రావాలి, మళ్ళీ మేకుకి తగిలించాలి. అంతస్తుకి పద్నాలుగు మంది ఆడవాళ్ళు, బిళ్ళ ఒక్కటే. ఒకరు దిగితే పదమూడు మంది ఆగాలి. బిళ్ళ పట్టుకుని దిగే మనిషి ఎక్కడికి పోతోందో దుప్పట్లు బేరమాడేవాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

ఒంటెక్క రెండో అంతస్తులో కర్టెన్లు, దుప్పట్లు అమ్మేది. మొగుడు పోయాక, ఎనిమిదేళ్ళ కూతుర్ని పక్కింట్లో వదిలి పనిలో చేరింది. చేరిన మొదటి వారంలోనే బిళ్ళ అడిగింది. అప్పటి సూపర్‌వైజర్ నోటి దురుసు మనిషి. "ఇంటి దగ్గర కానిచ్చుకుని రావడం తెలీదా?" అని అందరి ముందూ అరిచాడు. దుప్పటి చేత్తో పట్టుకుని చూస్తున్న ఒక పెద్దమనిషి నవ్వాడు. ఆవిడ బిళ్ళ తీసుకోకుండానే వెనక్కి వచ్చి ఆ పెద్దమనిషికే దుప్పటి మడతపెట్టి ఇచ్చింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళలో ఆ బిళ్ళని మళ్ళీ ముట్టుకోలేదు. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసిందే, పూర్తిగా చెప్పక్కర్లేదు.

అడగకుండా ఉండాలంటే అవసరం రాకుండా ఉండాలి. అవసరం రాకుండా ఉండాలంటే నీళ్ళు తాగకూడదు. ఆవిడ దాన్నొక విద్యలా సాధన చేసింది. పొద్దున ఇంట్లో అర గ్లాసు. మధ్యాహ్నం అన్నంలోకి పలచనిదేదీ వేసుకోదు. మరీ గొంతు ఎండిపోతే నా గదిలోకి వచ్చి, నా కుండలోంచి నీళ్ళు ముంచుకుని, పుక్కిలించి బయట ఉమ్మేసేది. "నోరు తడుపుకోవాలి మాస్టారూ, కడుపు తడపకూడదు" అనేది. రాత్రి తొమ్మిదికి ఇంటికి వెళ్ళాకే ఆవిడకి నీళ్ళయినా ఇంకోటైనా.

ఒకరోజు ఆవిడ అలా ఉమ్మేస్తుంటే నేను, "నువ్వు ఆడదానివా, ఒంటెవా?" అన్నాను. పక్కనున్న అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. సాయంత్రానికల్లా నాలుగంతస్తుల్లోనూ ఆవిడ ఒంటెక్క అయిపోయింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, బిరుదులా మోసింది. నేనూ మురిసిపోయాను, మంచి పేరు పెట్టానని.

మా యజమానికి ఉద్యోగుల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది ఒక ఏడాది. నెలకోసారి, దుకాణం తెరవకముందు, ఒకాయన్ని పిలిపించేవాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి ఊపిరి పీల్చమనేవాడు, వదలమనేవాడు. "శరీరం, మనసు, ఆత్మ. ఈ మూడూ మూడు కాళ్ళ పీట లాంటివి. ఒక కాలు పొట్టిదైతే పీట నిలవదు" అని చెప్పేవాడు. పీట మీద కూర్చోనివ్వని చోట పీట గురించి పాఠం! రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగమని కూడా చెప్పాడు. బిళ్ళ వైపు ఎవరూ చూడలేదు.

ఆ రోజు సూపర్‌వైజర్ ఒంటెక్కని ముందుకు పిలిచి, ఈవిడ పనివేళలో ఒక్కసారి కూడా కౌంటర్ వదలదని పరిచయం చేశాడు. ఈయన కొత్త సూపర్‌వైజర్, పాతాయనలా అరిచే మనిషి కాదు. మెత్తటి గొంతాయన చేతులు జోడించాడు. "ఒంటిని మనసు చెప్పుచేతల్లో పెట్టుకోవడమంటే ఇదీ! ఈ తల్లిని చూసి నేర్చుకోండి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను.

ఆవిడ ఆ మాటని తాయెత్తులా కట్టుకుంది. ఒళ్ళు అడిగితే మనసు కాదనాలి, కాదన్నందుకు ఆత్మ పొంగిపోవాలి, అదే సమతూకం అనుకుంది. కొత్తగా చేరే అమ్మాయిలందర్నీ ఆవిడకే అప్పగించేవారు. గుడ్డ తాను విప్పడం, మీటరు కర్రతో కొలవడం, దుప్పటి అంచు దులిపి చూపించడం నేర్పేది. వాటితోపాటు ఇదీ నేర్పేది. కొందరు రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు సిగ్గు చంపుకుని బిళ్ళ అడిగేవాళ్ళు. ఆవిడ పెదవి విరిచేది.

ఆవిడ కూతురు ఇరవై నిండగానే అదే అంతస్తులో, పక్క కౌంటర్‌లో చేరింది. మాట మెత్తన, పని చురుకు, తల్లి గీసిన గీత దాటదు. తల్లి నేర్పిన విద్య దానికి నూటికి నూరు పాళ్ళూ అబ్బింది. తల్లీకూతుళ్ళిద్దరూ పొద్దున ఒకే గ్లాసులో చెరి సగం తాగి వచ్చేవాళ్ళట. ఒంటెక్క ఆ సంగతి నాకు ఎంత గర్వంగా చెప్పిందో, ఆ ముఖం నాకిప్పటికీ కనిపిస్తుంది. తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒళ్ళు ఊరుకుంటుందా? ముందు మంటలు, తర్వాత చలిజ్వరాలు. మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగేది, అవి కూడా గుక్కెడు నీళ్ళతోనే. పక్కల్లో నొప్పి వస్తే కౌంటర్ అంచుకి నడుం ఆనించుకుని కర్టెన్లు చూపించేది. పోయిన ఏడాది కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టక, వెనక పట్టీ విప్పి కుట్టమని నా దగ్గరికి తెచ్చింది. నేను కుట్టి ఇచ్చాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను గానీ, "ఒంటెకి కాళ్ళు వాయడమేంటమ్మా?" అని ముందు ఒక జోకు వేసి మరీ అన్నాను. నెల తిరక్కుండానే కౌంటర్ దగ్గర పడిపోయింది.

రెండు కిడ్నీలూ పోయాయన్నారు. చక్కెర జబ్బు లేదు, వంశంలో ఎవరికీ లేదు. కిడ్నీల డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగి, ఇన్నేళ్ళు నీళ్ళు తాగకుండా ఆపుకున్నందుకు చీము పట్టి, రాళ్ళు కట్టి, కొంచెం కొంచెంగా పాడయ్యాయని చెప్పింది. వారానికి మూడు రోజులు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఇక రోజు మొత్తం మీద రెండు గ్లాసులకి మించి నీళ్ళు తాగకూడదు, ఎందుకంటే తాగినవి బయటికి పోయే దారి లేదు. అన్నేళ్ళూ రాని దాహం అప్పుడు వచ్చింది ఆవిడకి. కుళాయి చప్పుడు వినిపిస్తే తల అటు తిప్పేది.

కూతురు ఒక్క క్షణం ఆలోచించలేదు. "నాది ఒకటి ఇస్తాను" అంది. వాళ్ళకి ఇంకెవరూ లేరు కాబట్టి పరీక్షలకి నేనే తోడు వెళ్ళాను. రక్తం కలిసింది. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత స్కానింగ్ తీశారు.

డాక్టరమ్మ పిల్లని కూర్చోబెట్టి అడిగింది. "డ్యూటీలో నీళ్ళు ఎంత తాగుతావు?"

"తాగను మేడమ్."

"అసలు తాగవా?"

"అలవాటైపోయింది."

పిల్లకి రెండు వైపులా రాళ్ళు. ఎడమ కిడ్నీ అప్పటికే మచ్చలు పడి ముడుచుకుపోవడం మొదలైంది. ఇవ్వడం మాట దేవుడెరుగు, ఇదే తీరుగా ఇంకో ఐదారేళ్ళు పోతే ఈ పిల్ల కూడా అమ్మ పక్క మంచం మీదికే వస్తుందని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. నీళ్ళు తాగాలి, ఆపుకోకూడదు. మందు అంతే.

బయట వరండాలో పిల్ల నా ముందు చేతులు జోడించింది. "మాస్టారూ, అమ్మకి చెప్పకండి. రక్తం కలవలేదందాం. రక్తం కలవక ఇవ్వలేకపోయాననుకుంటే తట్టుకోగలదు. తన వల్ల నాకిలా అయిందని తెలిస్తే మళ్ళీ మిషను ఎక్కేదాకా కూడా బతకదు."

సరేనన్నాను. రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాను కూడా. మూడో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల నా గదిలోకి వచ్చి, నా కుండలోంచి నీళ్ళు ముంచుకుని, పుక్కిలించి, బయట ఉమ్మేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెప్తే వినదు, డాక్టరమ్మ చెప్తే వినలేదు. దాని చేత ఒక గుక్క మింగించగల మనిషి లోకంలో ఒక్కతే. కుట్టుమిషను మూసి ఆసుపత్రికి వెళ్ళాను.

నాకు మెత్తగా చెప్పడం చేతకాదు. "నీ పిల్ల కిడ్నీ నీకు పనికిరాదు. దానికే పనికొచ్చేట్టు లేదు" అన్నాను.

"రక్తం కలవలేదని చెప్పిందే?"

"అబద్ధం. నువ్వు నేర్పిన విద్య దాన్నీ తినేస్తోంది."

ఆవిడ చేతికున్న గొట్టాల్లో రక్తం పోతూ వస్తూ ఉంది. "నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. దానికి ఆరేళ్ళేనా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"చెప్పాను కదమ్మా, ఎన్నిసార్లో."

"నవ్వుతూ చెప్పారు. నవ్వుతూ చెప్తే ఎవరు వింటారు?"

 

మర్నాడు పొద్దున పిల్ల వార్డులోకి వచ్చేసరికి ఒంటెక్క మంచం పక్కన గ్లాసు నిండా నీళ్ళు పెట్టించుకుని ఉంది. తన వాటా రెండు గ్లాసుల్లో ఒకటి. "తాగు" అంది. పిల్ల నా వైపు ఉరిమి చూసింది. తల వంచుకున్నాను.

"తాగడానికేముందమ్మా" అంది పిల్ల. "తాగితే వెళ్ళాలి. వెళ్ళాలంటే బిళ్ళ అడగాలి. అడగడం నువ్వు నాకు నేర్పలేదు."

ఒంటెక్క దిండు మీద పైకి జరిగింది. "అయితే ఇప్పుడు నేర్పుతాను. నేను సూపర్‌వైజర్ని. అడుగు."

"ఇక్కడ అందరూ ఉన్నారమ్మా."

"అక్కడా అందరూ ఉంటారు. అడుగు."

"సార్... కొంచెం బిళ్ళ..."

"కొంచెం ఏంటి? బిళ్ళ విరిచి ముక్క ఇస్తారా నీకు? గట్టిగా."

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. పిల్ల కూడా నవ్వబోయింది. "సార్, బిళ్ళ ఇవ్వండి" అంది.

"ఇంటి దగ్గర కానిచ్చుకుని రావడం తెలీదా?"

ఆవిడ గొంతు కాదది. అచ్చం ఆ పాత సూపర్‌వైజర్ గొంతు, అదే విరుపు, అదే వెటకారం. వాడు అరిచిన రోజు నేను అక్కడ లేను, కానీ మెట్ల మీదుగా నాకు వినపడింది. దాన్ని ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా ఒక్క అక్షరం పోకుండా లోపల దాచుకుంది. నర్సు గిరుక్కున తిరిగి చూసింది. పిల్ల మొహం కప్పుకుని ఏడ్చేసింది.

"ఏడవకు. నేను ఏడవలేదు, అడగడమూ మానేశాను. అది తప్పు. మళ్ళీ అడుగు" అంది తల్లి.

వారానికి మూడు రోజులు, మిషను నడిచినంతసేపూ ఇదే పాఠం. పిల్ల అక్కడ గట్టిగానే అడిగేది. దుకాణంలో మాత్రం నోరు పెగిలేది కాదు. బల్ల దాకా వెళ్ళి, ఏదో కొలత అడిగి వెనక్కి వచ్చేది. "ఇవాళ అడిగావా?" అని తల్లి అడిగితే, "అడిగానమ్మా, ఇచ్చారు" అనేది. పగిలిన దాని పెదాలు చూస్తే గుడ్డివాడికైనా అర్థమవుతుంది. ఒంటెక్క మాత్రం "మంచిది" అనేది. ఈసారి నేను నోరు మూసుకున్నాను.

ఐదు వారాల తర్వాత, ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున, ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒంటెక్క కూలబడిపోయింది. ఆటో వచ్చేలోపే పోయింది. గుండె ఆగిందన్నారు. ఆవిడకి నలభై ఏడేళ్ళు.

పిల్ల పనిలోకి తిరిగి వచ్చిన రోజు, పొద్దున పదకొండింటప్పుడు, అంచు కుట్టిన కర్టెన్లు ఇవ్వడానికి నేను రెండో అంతస్తుకి వెళ్ళాను. కౌంటర్ల దగ్గర రద్దీగా ఉంది. పిల్ల విప్పుతున్న గుడ్డ తాను సగంలో వదిలి సూపర్‌వైజర్ బల్ల ముందుకు వెళ్ళి నిలబడింది.

"సార్, బిళ్ళ ఇవ్వండి."

ఆ గొంతుకి నలుగురూ తల తిప్పారు. ఈ సూపర్‌వైజర్ అరిచే మనిషి కాదని ముందే చెప్పాను. జాలిగానే అన్నాడు, మెచ్చుకోలుగా కూడా అన్నాడు. "మీ అమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదమ్మా."

"అందుకే పోయింది సార్" అంది పిల్ల. "బిళ్ళ ఇవ్వండి."