పాప కలుపుకున్న పప్పన్నం

ఈ ఉదయం పాల ప్యాకెట్ కోసం వసంత్ కుంజ్ మార్కెట్‌కి వెళితే, మందుల షాపు పక్కన పిల్లల థెరపీ సెంటరు కొత్తగా తెరిచి ఉంది. అద్దాల వెనక ఒక పిల్లవాడు చేతుల్ని మోచేతుల దాకా బియ్యంలో ముంచి, దాచిన గోళీలు వెతుకుతున్నాడు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి చూసి, "అచ్ఛా, ఆడుకోడానికీ డాక్టర్లా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. డెబ్బైల్లో అది నా ముఖం మీదే ఉండేది. ఆ నవ్వుతో ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ణి. కాని దాని వల్లే ఒకనాడు, పైఅధికారి దంపతుల ముందు, మా పాప అన్నం కలుపుకుంటున్న చేతిని పట్టుకుని ఆపేశాను. నేను చేసిన తప్పుల్లో అంత నీచమైనది ఇంకొకటి గుర్తు రావడం లేదు.

అప్పుడు మేము రామకృష్ణపురం గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఫైలు మీద సంతకం తప్ప చేత్తో మరో పని చెయ్యని జాతి మాది. ఆఫీసులో మంచినీళ్లకి కూడా గంట కొట్టి ప్యూన్ని పిలిచేవాళ్లం. పాపకి ఏడో ఏడు. మాట్లాడేది, పాడేది, నవ్వేది, గుండీ మాత్రం పెట్టుకోలేకపోయేది. గ్లాసు పట్టుకుంటే జారేది, లేదా మరీ బిగించి పట్టి ఒలకబోసేది. ఎంత గట్టిగా పట్టాలో ఆ వేళ్లకి తెలిసేది కాదు. కాలనీలో ప్రతి గుమస్తా ఒక వైద్యుడే కాబట్టి ఒకాయన బాదంపప్పు పెట్టమన్నాడు, ఒకావిడ దిష్టి తియ్యమంది, మా సెక్షన్ ఆఫీసరు రెండు దెబ్బలు వెయ్యమన్నాడు. నేను అందరికీ తలూపాను.

మా ఆవిడ మాత్రం ఎవరి మాటా వినకుండా, ఒక పెద్ద ఆసుపత్రి వెనక వరండాలో పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ చేసే పంజాబీ అమ్మాయి దగ్గరికి పాపని బస్సులో తీసుకెళ్లేది. అందరూ ఆమెని దీదీ అనేవారు. అక్కడ పాపని ఉయ్యాల మీద బోర్లా పడుకోబెట్టి ఊపేవారు, ఇసుక సంచీలు మోయించేవారు, చపాతీ పిండి పిసికించేవారు. "పిండి పిసకడానికి ఆసుపత్రి దాకా ఎందుకు, మన వంటింట్లో కరువా?" అని నేను వెటకారం చేసేవాణ్ణి. మా ఆవిడ ఓపిగ్గా చెప్పేది: "భుజం గట్టిపడితేగాని వేళ్లు మాట వినవటండీ. బరువు మోస్తే ఒంటికి తన బలం తెలుస్తుందట." నేను పేపరు తిప్పేవాణ్ణి.

ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత పాపని తీసుకుంటామని దగ్గరి బడి వాళ్లు ఒప్పుకున్నారు. డబ్బాలో అన్నం తనే తినగలగాలని ఒక్కటే షరతు. దీదీ మా ఆవిడతో, "మీ మద్రాసీ తిండి నాకు సగం పని తగ్గిస్తుంది. పప్పూ అన్నం కలపడం, ముద్ద చెయ్యడం, నోటికి అందించడం, అన్నీ వేళ్లకి పాఠాలే. మీరు ముద్దలు పెట్టడం మాత్రం ఆపండి" అంది. మన ఇళ్లలో అది ఎంత కష్టమో ఆమెకేం తెలుసు. మీసాలొచ్చిన కొడుక్కి కూడా ఆవకాయ ముద్ద పెట్టి మురిసిపోయే జనం మనం. అయినా మా ఆవిడ మనసు రాయి చేసుకుంది. కంచం కింద తడిగుడ్డ పరిచి, పాపకి చిక్కటి ముద్దపప్పు వడ్డించి పక్కన కూర్చునేది. సగం ఒళ్లో పడేది. కొన్ని వారాలకి సగానికన్నా తక్కువ పడేది.

అలాంటి రోజుల్లో మా డిప్యూటీ సెక్రటరీ గారు, గుంటూరాయన, భార్యతో భోజనానికొచ్చారు. పాప వాళ్ల ఎదురుగా కూర్చుని దీక్షగా కలుపుకుంటోంది. పప్పు మోచేతి దాకా కారింది. ఆయన భార్య చూసి, "ఏమ్మా, బడికెళ్లే పిల్లవి, ఇంకా ఇలాగేనా?" అంది. లేచి వెళ్లి పాప చెయ్యి పట్టుకున్నాను. "నహీ నాన్నా, మై ఖుద్" అంది పాప, నేనే తింటానని. విననట్టు ఆ చేతిని తువ్వాలుతో తుడిచి, నేనే ముద్ద కలిపి దాని నోట్లో పెట్టి, "గారాబం మేడమ్, నా చేత్తో పెడితేగాని తినదు" అన్నాను. ఆవిడ కరిగిపోయింది. "ఎంత ప్రేమయ్యా నీకు, మా ఆయన ఒక్కనాడు పెట్టాడా?" అంది. మా ఆవిడ వంటింట్లోంచి మళ్లీ ఇవతలికి రాలేదు.

మర్నాడు పాప కంచం ముందు కూర్చుని నోరు తెరిచింది. చెయ్యి గౌను వెనక దాచుకుంది. ఎన్ని రోజులు బతిమాలినా కలపలేదు. "మీరు పెట్టిన ముద్దే కదండీ, పెట్టండి ఇక" అంది మా ఆవిడ. ఆ సంవత్సరం బడి పోయింది.

డిప్యూటీ సెక్రటరీ గారి గదికి వెళ్లి చెప్పాను: "ఆ రోజు అబద్ధం చెప్పాను సర్. మా అమ్మాయికి తినడం కష్టం, నేర్చుకుంటోంది. చూడ్డానికి నాకు సిగ్గేసింది." ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా, "ఠీక్ హై, ఠీక్ హై, ఆఫీసులో ఇంటి సంగతులెందుకయ్యా" అన్నాడు. అలాంటి మనిషి కోసమా పాప చెయ్యి ఆపాను అనుకుని, ఆ మనిషి కన్నా నేనే అల్పుణ్ణని తెలుసుకుని, సెలవు పెట్టాను.

ఆ తర్వాత పాపని వరండాకి నేనే తీసుకెళ్లాను. మొదటి రోజే దీదీ నన్ను కనిపెట్టేసింది. పాప తడబడినప్పుడల్లా నా చేతులు ముందుకు పోతున్నాయి. "భాయీ సాబ్, ఆ రెండు చేతుల మీదా కూర్చోండి. ఇది మీకు థెరపీ" అంది. బెంచీ మీద, అరచేతులు తొడల కింద అదిమి కూర్చున్నాను. పక్కన ఎవరో తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎదురుగా పాప, ఒక పాత చొక్కా మీద పెద్ద గుండీని కాజాలోకి తోస్తోంది. అది జారుతోంది, మళ్లీ తోస్తోంది. నా చేతులు తిమ్మిరెక్కాయి. నేను లేవలేదు. బతుకంతా తొందరలో గడిపినవాణ్ణి, ఒక గుండీకి ఎంతసేపు పడుతుందో అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను.