అత్తగారి ఊళ్ళో అడిగిన ప్రశ్నలు

నాకు కోపం తొందరగా వస్తుంది, అంతే తొందరగా పోతుంది. ఈ ఒక్క సంగతిలో మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. కొత్త వస్తువు తయారుచేసే ముందు దాన్ని వాడబోయేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళకేం కావాలో కనుక్కోండి అని ప్రతి ఏడూ పిల్లలకు బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. నా సొంత వస్తువు వంతు వచ్చినప్పుడు నేనూ అలాగే చేశాను. చేసిన పొరపాటల్లా ఒకటే. కనుక్కోవడానికి మా అత్తగారి ఊరు వెళ్ళాను.

రొయ్యల చెరువులో మేత చల్లాక చెక్ ట్రే అని ఒక వల పళ్ళెం నీళ్ళలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుస్తుంది. దానికోసం రైతు చెరువులోకి వేసిన చెక్కల మీద నడిచి వెళ్ళి, ఒంగి, తాడు పట్టి లాగాలి. మా మామగారు రోజుకు నాలుగైదుసార్లు అలా నడుం పట్టుకుని ఒంగుతుంటే చూసి నాకీ ఆలోచన వచ్చింది. గట్టు మీద ఒక ఇనప స్టాండు, దానికో మోటారు, ఒక కెమెరా. మీట నొక్కితే పళ్ళెం దానంతటదే పైకొస్తుంది, ఫొటో ఫోనులోకి వస్తుంది. రైతు కుర్చీలోంచి లేవక్కర్లేదు.

ఒక ఆదివారం నోటుబుక్కు పట్టుకుని, మా ఆవిడను తీసుకుని వెళ్ళాను. మామగారు ఊళ్ళో రొయ్యల రైతులను పదిమందిని పిలిచి వాకిట్లో కూర్చోబెట్టారు. అందరికీ కొబ్బరి బొండాలు కొట్టించారు. నేను బొమ్మ గీసి చూపించి ఒక్కొక్కరినీ అడిగాను.

"ఇలాంటిది వస్తే మీకు పనికొస్తుందంటారా?"

"పనికిరాకపోవడమేంటండి! తమరు చేశాక ఇంక తిరుగుంటదా అల్లుడుగారూ?"

"అది కాదండి, దీనివల్ల మీకు ఏ ఇబ్బంది తీరుతుంది?"

"ఇబ్బందులన్నీ తీరిపోతాయండి. ఆయ్."

ఒకాయన ముందు నాకు రెండు రాసుకోండన్నాడు. మామగారైతే, "మా నడుం నొప్పి గురించి ఆలోచించిన మొదటి మనిషి మీరేనండి" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పదిమందిలో ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. అక్కడే నాకు అనుమానం రావాలి. నా విద్యార్థి ఎవడైనా అడిగినవాళ్ళందరూ ఔనన్నారని రాసుకొస్తే ఆ కాగితం వాడి మొహాన కొట్టి ఉండేవాణ్ణి. కానీ పొగుడుతుంటే వినడానికి హాయిగా ఉంటుంది. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. ఊరి చివర ఒక షెడ్డు తీసుకుని, ఇద్దరు వెల్డర్లను పెట్టుకుని, డజను స్టాండ్లు చేయించాను.

మొదటిది మామగారి చెరువు గట్టు మీద నిలబెట్టాను. వస్తున్నామని ఫోను చేసి ఎప్పుడు వెళ్ళినా అది చక్కగా పనిచేస్తూ కనిపించేది. మామగారు కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటూ ఉండేవారు. మిగతా రైతులు మాత్రం, ఈ పంట పట్టేశాక చూద్దామండి, వానలు తగ్గనివ్వండి అంటూ వచ్చారు. రెండు రాసుకోమన్నాయన మంచిరోజు కోసం చూస్తున్నానన్నాడు. అంత చెడ్డ సంవత్సరం నేనెప్పుడూ చూడలేదు, ఒక్క మంచిరోజు కూడా రాలేదు.

షెడ్డులో పదకొండు స్టాండ్లు తుప్పు పడుతుంటే ఉండబట్టలేక, ఒకరోజు పొద్దున్నే ఒకదాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని నరసాపురం వైపు వెళ్ళాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఒక చెరువు దగ్గర నడివయసు ఆవిడ కౌలుకు తీసుకుని సొంతంగా రొయ్యలు పెంచుతోంది. తల మీద తువ్వాలు చుట్టుకుని మేత చల్లుతోంది. నేను చెప్పిందంతా విని, స్టాండు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఇదెందుకు బాబూ నాకు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నడుం నొప్పి, చెక్కల మీద జారిపడటం, అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ చెక్కల మీదుగా నడిచి వెళ్ళి, ట్రే పైకి లాగి, ఒక రొయ్యను తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"నొక్కి చూడండి. పెంకు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? వెల్తురుకి పెట్టి చూడండి, పేగు నిండుగా ఉందా? మేత తిన్నదో లేదో చూడ్డానికే అయితే మా మనవడు కూడా చూస్తాడు. రొయ్య ఒంట్లో ఎలా ఉందో చేత్తో పట్టుకుంటే కదా తెలిసేది! ఫొటో చూసి ఏం చెప్తాం? ఇంత ఇనుము పోసి చేశారు, ముందు ఎవర్నీ అడగలేదా?"

"అడిగానండి. పదిమందిని అడిగాను. అందరూ బాగుందన్నారు."

"ఎక్కడివాళ్ళు?"

"మా అత్తగారి ఊరు."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. "అల్లుడికి బాలేదని ఎవరు చెప్తారు బాబూ!"

ఒక్క నిమిషంలో చెప్పేసింది. పరిచయం లేని మనిషి, మంచినీళ్ళయినా ఇవ్వని మనిషి.

అక్కడి నుంచి ఫోను చెయ్యకుండా నేరుగా అత్తగారి ఊరు వెళ్ళాను. చెరువు గట్టు మీద స్టాండు లేదు. నీళ్ళ మోటారు ఉండే పాకలో పక్కకు పడేసి ఉంది, దానిమీద ఖాళీ మేత సంచులు ఆరేసి ఉన్నాయి. మామగారు చెక్కల మీద మోకాళ్ళు ఆనించి, మోచేతుల దాకా తడిసిపోయి, ట్రే లాగుతున్నారు. నన్ను చూసి తాడు వదిలేశారు.

"ఫోను చెయ్యకుండా వచ్చేశారేంటండి?" అన్నారు.

అంటే నేను ఫోను చేసిన ప్రతిసారీ ఇద్దరు మనుషులను పెట్టి ఆ ఇనుమంతా గట్టు మీదికి మోయించేవారన్నమాట. నా ఎదుట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునేవారన్నమాట. నా మనసు కష్టపెట్టకూడదని ఆ ముసలాయన పడ్డ శ్రమంతా తలుచుకుంటే జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఊరంతా కలిసి నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించారనిపించింది.

"పనికిరాదని నాతో ఒక్క మాట ఎందుకనలేదండి?"

"అల్లుడుగారితో అలా ఎలా అంటామండి?" అన్నారాయన నిజంగానే ఆశ్చర్యపోతూ. "అమ్మాయితో ఆ రోజే అన్నాను. మెల్లిగా తనే చెప్పుకుంటదని."

భోజనం చేసి వెళ్ళమంటున్నా వినకుండా బయల్దేరాను. దారిపొడుగునా ఆ ఒక్క మాటే. ఆ రోజే.

ఇంటికొచ్చి అడిగితే మా ఆవిడ దాచలేదు. ఆ ఆదివారమే, నేను భోజనం చేసి నడుం వాల్చినప్పుడు, వాళ్ళ నాన్నగారు వంటింట్లోకి వచ్చి, ఇది మా చెరువుల్లో నడవదమ్మా అని చెప్పారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ కోపం నాకు తెలీదాండి? మా నాన్న అడ్డం పడ్డారంటారు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కనంటారు. అనరా?"

అంటాను. అంత మాటా అంటాను. కోపిష్టివాడితో నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనే ఆ కోపిష్టివాణ్ణి కాబట్టి. ఆ ఊరివాళ్ళను క్షమించాను, మామగారిని కూడా దాదాపు క్షమించాను. కానీ ఆ నెలాఖరున రాజీనామా ఉత్తరం రాస్తుంటే మధ్యలో నా పెన్ను ఆగిపోయింది. తన హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి, మూత కూడా తనే తీసి, నా చేతికిచ్చింది మా ఆవిడ. అప్పటికే అంతా తెలిసి ఇచ్చింది.