ఫోన్‌కు చెప్పుకున్న మాట

2024లో నేను గద్వాల ప్రభుత్వ దవాఖానలో మానసిక ఆరోగ్య విభాగం కౌన్సెలర్‌ని. మందులు రాయడం సైకియాట్రిస్టు పని, మనిషి చేత మాట్లాడించడం మాది. రెండోది ఎంత కష్టమో పైఅధికారులకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ వేసవిలో పద్మ అనే మగ్గం నేసే అమ్మాయిని ఆమె మరిది తన బండిమీద తీసుకొచ్చాడు. చంటిబిడ్డ తల్లి. నిద్ర పట్టడం లేదని ఓపీ చీటీలో ఉంది. మరిదిని బయట కూర్చోబెట్టి, ప్రాణానికి ముప్పుంటే తప్ప ఇక్కడి మాట ఎవరికీ చెప్పబోమని నియమం ప్రకారం చెప్పాను. ఆమె నమ్మలేదు.

"మీరు మా అత్తకు ఎరుక మేడం. పోయిన దసరాకు మా ఇంట్లనే చీర కొన్నరు. నేనంత ఫోన్లనే చెప్పుకున్న. దానికి మావోళ్లెవ్వరూ ఎరుక లేదు."

కోపం రావాల్సింది, కుతూహలం పుట్టింది. చూపించమన్నాను. మనిషిలా జవాబిచ్చే చాట్‌బాట్ యాప్‌తో ఆమె నోటితో, మన తెలుగులోనే మాట్లాడింది; ఆ మాటలన్నీ అక్షరాలుగా అందులో ఉన్నాయి. కాన్పు తర్వాత బతకాలనిపించడం లేదని చెప్పుకుంది. దవాఖానకు వెళ్లమని అదే చెప్పిందట, అందుకే మరిది పోదామనగానే వచ్చింది. అత్తకు తెలిస్తే పిచ్చిదని ముద్రవేసి, బిడ్డను ఉంచుకొని, తనను అలంపూర్‌కు పుట్టింటికి పంపేస్తారని ఆమె భయం.

స్క్రీన్ మూలన మరిది ఫొటో ఉంది. ఆమెకు ఈమెయిల్ ఖాతా లేదని, ఫోన్ కొన్నరోజు షాపతను మరిది ఖాతాతోనే అన్నీ తెరిచి ఇచ్చాడు. మా దగ్గర చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. అంటే ఆమె చెప్పుకున్నదంతా అతని ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఆ సంగతి చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది.

ఆమె ఒప్పుకున్నాకే మరిదిని పిలిచాను. ఇవి చూశావా అని అడిగితే తల దించుకున్నాడు.

"చదివిన మేడం. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. భయమైంది. నిద్ర పడ్తలేదని చెప్పి ఈడికి తోల్కొచ్చిన."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెకు రాలేదు. "మంచోడే మేడం. గానీ నన్ను అడగకుండ చదివిండు గదా," అంది, అతనివైపు చూడకుండా.

అదే రోజు సైకియాట్రిస్టు చూశారు. ఇలాంటి కేసులో ఇంట్లో ఒకరికి తెలపాలి. ఎవరికో ఆమెనే అడిగాం, భర్త పేరు చెప్పింది. పాత మాటలు మరిది చేత అతని ఖాతాలోంచి చెరిపించి, ఆమె పేరున ఖాతా తెరిపించాం. ఆ కంపెనీవాళ్లు ఏం దాచుకుంటారో నాకూ తెలియదని చెప్పాను.

బిడ్డ ఆమె దగ్గరే ఉంది. తర్వాతి వారం బిడ్డనెత్తుకొని ఆటోలో వచ్చింది, మరిది బండిమీద రాలేదు. మాట బయటికి పొక్కకపోయినా నమ్మకం పోతుందని నేను తెలుసుకున్నది ఆ కేసుతోనే.