లూడో పాచికల ఆటకి మారిన ఏడాది

డిగ్రీ అయ్యాక నేను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో చేరేను. పొద్దున్నే కంపెనీ బస్సు, సాయంత్రం మళ్ళీ అదే బస్సు. సెలవు ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం మధ్యాహ్నాలు అనకాపల్లిలో నలుగురం కూచుని ఒక ఆట ఆడేవాళ్ళం. ఊళ్ళో ఆ ఆట మాకు తప్ప ఇంకెవరికైనా తెలుసో లేదో నాకు తెలీదు.

అందులో బోర్డూ పావులూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కొక్క మనిషి. మీ ఎదురుగా గుహ ఉంది, లోపల్నించి పొగ వస్తోంది, ఏం చేస్తారు అని కథ నడిపేవాడు అడుగుతాడు. మనం ఏం చేస్తామో చెప్తాం. అది కుదిరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

మాకు కథ నడిపేది ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితుడు, వాణ్ణి మాస్టారనేవాళ్ళం. వాళ్ళు చర్చికి వెళ్ళొచ్చి, భోజనాలు అయ్యాక, వాళ్ళింటి ముందు గదిలో చాప వేసేవాళ్ళం. వాడి చెల్లెలు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆటలో ఆమె గాయాలు మాన్పే వైద్యురాలు. ఇంకొకడు మెయిన్ రోడ్డులో వాళ్ళ నాన్నగారి చెప్పుల షాపు చూసుకునేవాడు, ఆటలో దొంగ. మంచి దొంగ అనేవాడు. నేను గొడ్డలి పట్టుకుని తిరిగే మరుగుజ్జు యోధుణ్ణి.

మాస్టారు ఆ ఆట పుస్తకాన్ని వైజాగ్‌లో పాత పుస్తకాల కొట్లో కొన్నాడు. ఇంత లావు. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలి. అలాంటిది మేం ఎక్కడా చూడలేదు. అంచేత కాగితం ముక్కల మీద అంకెలు రాసి, స్టీలు గ్లాసులో వేసి, కళ్ళు మూసుకుని తీసేవాళ్ళం. గొడ్డలి దెబ్బకి ఒక లెక్క, కవచానికి ఒక లెక్క, చీకట్లో కొడితే ఇంకో లెక్క. నాకు అవన్నీ నోటికి వచ్చు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా పుస్తకం తెరిచేవాళ్ళు కాదు, నా మొహం చూసేవాళ్ళు. ఆ చూపు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఒక ఆదివారం మాస్టారు పుస్తకం బయటికి తీయలేదు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన నాలుగైదు కాగితాలు చాప మీద పెట్టేడు. ఇది వేరే ఆట అన్నాడు. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేరట. మామూలు లూడో పాచికలు రెండుంటే చాలట. మన కథ అదే, మన మనుషులు వాళ్ళే, ఆడే పద్ధతి ఒక్కటే మారుతుంది అన్నాడు.

చెప్పులషాపువాడికి నచ్చలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, దెబ్బ తగిలితే ప్రాణం ఎంత పోయిందో ఇందులో లేదేటి అన్నాడు. లేదన్నాడు మాస్టారు. ఏటి పోయిందో తెలీనప్పుడు అది ఆటెలాగవుతుంది బావా అని వాడి ప్రశ్న. నాకూ లోపల అదే ఉంది. కానీ అన్ని రూల్సు నాలుగు కాగితాల్లో ఎలా పట్టేయా అన్న కుతూహలం అంతకంటే ఎక్కువగా ఉంది.

ముందు మా మనుషుల్ని కొత్త ఆటలోకి మార్చుకోవాలి. పాత కాగితం నిండా అంకెలే. కొత్త కాగితంలో ప్రశ్నలున్నాయి. ఇతనిది ఏ ఊరు? దేనికి భయపడతాడు? ఎవరు పిలిస్తే ఉన్నపళంగా బయల్దేరతాడు? నా మరుగుజ్జు గొడ్డలి ఎంత బరువో నాకు తెలుసు. అతనికి అమ్మ ఉందో లేదో తెలీదు. పెన్ను పట్టుకుని అలాగే కూచున్నాను. ఇన్నాళ్ళు నేను ఎవరితో తిరిగేనా అనిపించింది.

ఆట మొదలైంది. కొండ మీద నిధి కోసం బయల్దేరేం, ముందు ఏరు దాటాలి. పడవవాడు ఎక్కించుకోనంటున్నాడు. నేను అలవాటుగా, బెదిరిస్తాను అని పాచికలు వేసేను. తక్కువ పడింది. పాత ఆటలో అయితే అంతే, కుదర్లేదు, పక్కవాడి వంతు. మాస్టారు మాత్రం నన్నే చూస్తున్నాడు.

"కుదర్లేదు. కానీ ఏదో ఒకటి జరగాలి. ఏటి జరిగిందో నువ్వే చెప్పు."

నేను చెప్పడమేంటి, కథ నీది కదా అన్నాను. కాదు, ఈ ఆటలో అందరిదీ అన్నాడు. చివరికి, పెనుగులాటలో పడవ తాడు ఊడిపోయింది అన్నాను. అనగానే పడవ, పడవవాడు, అందులో అప్పటికే ఎక్కేసిన దొంగ, అందరూ కొట్టుకుపోయేరు. నా నోట్లోంచి వచ్చిన మాటకి ఇంత పని జరగడం అదే మొదటిసారి.

ఇంకో సంగతి నేను గమనించింది ఆ రోజే. పాత ఆట మేం ఆడేది దాదాపు ఇంగ్లీషులో. అటాక్, డ్యామేజీ, బోనసు, మధ్యలో అంకెలు. కొత్త ఆటలో ఏం జరిగిందో నోటితో వర్ణించి చెప్పాలి కాబట్టి, మాకు తెలీకుండానే ఇంట్లో మాట్లాడే మాటలోకి వచ్చేసేం. మాస్టారి నోట పడవవాడు అచ్చం సముద్రం ఒడ్డున రాంబిల్లి మనిషిలా తిట్టేడు.

అందుకేనేమో, అప్పటిదాకా మా అంకెల గోలని పట్టించుకోని మాస్టారి అమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చేరు. ఆవిడ పుట్టిల్లు రాంబిల్లి వైపే. చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం.

"ఆ పడవతనికి ఇంటికాడ ఎవరున్నారు?" అని అడిగేరు.

మాస్టారు, నువ్వే చెప్పమ్మా అన్నాడు. ఆవిడ కొంచెం ఆలోచించి, ఒక కూతురుంది, తండ్రితో మాటాడదు అన్నారు. ఎందుకు మాటాడదు పిన్నీ అన్నాను. అది నాకేటి తెలుసు బాబూ, మీరే కనుక్కోండి అని చాప అంచు మీద కూచున్నారు. ఆ రోజు నించి ఆటలో పడవవాడు ఆవిడ మనిషి, వాడి మాటలు ఆవిడే చెప్పేవారు.

తర్వాతి వారం చెప్పులషాపువాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కబుర్ల కోసమైతే వత్తాను గానీ ఆట కోసం రానన్నాడు. ఒక సాయంత్రం బస్సు దిగి షాపుకి వెళ్ళేను. ఎవరికో చెప్పులు చూపిస్తున్నాడు. కొండ మీద నిధి సంగతి మేం వదిలేసేమనీ, ఏట్లోంచి బయటపడ్డ పడవవాడితో వాడి ఊరు చేరేమనీ, వాడి కూతురు గుమ్మంలో కూచుని వలలు బాగుచేస్తోందనీ చెప్పేను. విననట్టే ఉన్నాడు. నేను వెళ్ళబోతుంటే, అట్టపెట్టె మూత పెడుతూ, ఆ పిల్ల మాటాడిందా అన్నాడు. ఇంకా లేదన్నాను. ఆదివారం వచ్చి కూచున్నాడు. దొంగని ఏటి ఒడ్డుకి ఎక్కడో కొట్టుకొచ్చినట్టు వాడే చెప్పుకున్నాడు.

ఆ ఆదివారమే అది జరిగింది. పిల్లతో మాట్లాడాలంటే పిల్లగా ఎవరో ఒకరు ఉండాలి. మాస్టారు తన చెల్లెల్ని అడిగేడు. వైద్యురాలికి ఆ రోజు పనేమీ లేదు, ఆమె సరేనంది. అంటే ఆటలో తండ్రిగా అమ్మ, కూతురుగా కూతురు. దొంగ మెల్లగా అడిగేడు, మీ నాన్న మీద కోపమెందుకని. ఆమె వాడికి జవాబు చెప్పలేదు. వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"ఊరందర్నీ ఆ ఒడ్డుకి తీసుకెళ్ళేవు. నన్ను ఒక్కసారీ ఎక్కించుకోలేదు."

అమ్మగారు చేతిలో చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టేరు. నేను అలవాటు కొద్దీ పాచికల మీద చెయ్యి వేసేను. మాస్టారు వద్దన్నట్టు తలూపేడు.

"నువ్వు అటే ఉండిపోతావని భయమేసింది" అన్నారు ఆవిడ.

"ఉండిపోతే నువ్వొచ్చి చూడొచ్చు కదా. పడవ నీదే."

ఆవిడ నవ్వేరు. సరే, రేపు పొద్దున్న రా అన్నారు. ఆట ఆ రోజుకి అక్కడితో ఆగిపోయింది. చెప్పులషాపువాడు ఇంటికెళ్తూ సందు మలుపులో ఆగి, ఇందులో ఎవరు గెలిచినట్టు అని అడిగేడు.

ఆ అమ్మాయి అప్పటికే వైజాగ్‌లో పీజీ చదువుతానని ఇంట్లో అడుగుతోందనీ, హాస్టలంటే వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదనీ నాకు చాలా తర్వాత మాస్టారు చెప్పేడు. ఆ మాటలు పడవవాడివా, ఆవిడవా అని వాణ్ణి అడిగేను. ఏమో, నేను కథ నడపడం ఆపేసేను అప్పటికి అన్నాడు. ఆ ఏడాది జూలైలో ఆమె హాస్టల్లో చేరింది. ట్రంకుపెట్టె రైలెక్కించడానికి నేనూ మాస్టారూ వెళ్ళేం.

ఆమె వెళ్ళేక కొన్నాళ్ళు చెప్పులషాపువాడి కోరిక మీద పాత ఆటకి మళ్ళీ వెళ్ళేం. లెక్కలు నాకు సగం మర్చిపోయేయి. చూసుకోవడానికి పుస్తకం తెరవాల్సి వచ్చేది, దానికి నాకు బాధ కూడా కలగలేదు. తర్వాత మాస్టారు నక్షత్రాల మధ్య ఓడల్లో తిరిగే ఇంకో ఆట ఎక్కడినించో పట్టుకొచ్చేడు. మేమింకా కాగితాలు తిరగేస్తుంటే అమ్మగారు పొయ్యి కట్టేసి వచ్చి, చాప మీద కాళ్ళు ముడుచుకుని కూచుని, "ఇందులో నేనెవర్ని?" అని అడిగేరు.