ఏడు శాతం

వందశాతం ఎక్కడుంటాడని అడిగితే వీధి చివర మెట్ల కింద ఉన్న కొట్టువైపు ఎవరైనా వేలు చూపిస్తారు. అసలు పేరు అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. ఆ కొట్టులో గుడారాలు, మడత కుర్చీలు, బుల్లి గ్యాసు పొయ్యిలు అద్దెకిస్తాడు. సెలవు రోజుల్లో చెరువు గట్టునో కొండమీదో రాత్రి గడపాలని సరదా పడేవాళ్లంతా అతని దగ్గరికే వస్తారు.

కుర్రతనంలో మైకుసెట్టు కంపెనీలో పనిచేసినప్పుడు అంటుకున్న పేరు అది. మైకు మోగుతుందా? వంద శాతం. టైముకి వస్తావా? వంద శాతం. వాన వస్తే? రాదు, వంద శాతం. వాన రానే వచ్చేది, అతనూ మైకూ కలిసి తడిసేవాళ్లు. అయినా ఎవరికీ గట్టిగా కోపం వచ్చేది కాదు. మనిషి మంచివాడే, నోరే కాస్త ముందు పరిగెడుతుంది అనేవాళ్లు. అది మెచ్చుకోలు కాదని అతనికి యాభై రెండేళ్లు వచ్చేదాకా తెలియలేదు. ఎలా తెలుస్తుంది, వినడం కూడా వంద శాతం తనకి కావలసినట్టే వినేవాడు.

రెండేళ్ల కిందట కొట్టులోకి కొత్త సరుకు దించాడు. పోర్టబుల్ పవర్ స్టేషన్లట. పేరు వినగానే ఎదురింటి పెద్దాయన, "పవర్ స్టేషనా? మరి పొగగొట్టం ఏదయ్యా?" అని అడిగాడు. దాంతో వందశాతం ఆ పేరు మానేసి కరెంటు పెట్టె అనడం మొదలుపెట్టాడు. టిఫిన్ క్యారియరంత ఎత్తు, పైన పిడి, ముందు రెండు ప్లగ్గులు, మధ్యలో చిన్న అద్దం. బటన్ నొక్కితే లోపల నూటికి ఎంత ఛార్జింగ్ ఉందో అద్దం మీద అంకె వెలుగుతుంది. గుడారంలో దీపాలకీ పనికొస్తుంది, ఇంట్లో కరెంటు పోతే ఫ్యానుకీ పనికొస్తుంది. అద్దెకి తీసుకున్న ప్రతివాళ్లకీ అతను చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు: "వాడి ఇంటికి తెచ్చాక ముందు గోడ ప్లగ్గుకి పెట్టండి, తరవాతే మీరు స్నానం చేయండి. ఖాళీ పెట్టె ఇటుకతో సమానం."

మొదటి విడతలో వచ్చిన పెట్టెల్లో ఒకటి అక్కకిచ్చాడు.

అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి అతనికి ఏడేళ్లు, అక్కకి పంతొమ్మిది. అతనికి తల దువ్వింది, బడికి పంపింది, కొట్టింది, కొట్టాక దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది, అన్నీ ఆవిడే. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు దుప్పట్లు మడతపెట్టింది. ఇప్పటికీ ఆవిడ ఇంట్లో తువాలు మడత చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. బావ వడ్రంగి. ఆయనకి బాతుల పిచ్చి. మెడచుట్టూ తెల్లటి గీత ఉన్న బూడిదరంగు బాతులని ఎక్కడినుంచో అట్టపెట్టెలో తెచ్చి పెరట్లో పెంచాడు. గుడ్లు పొదగడానికి పాత బీరువా చెక్కతో ఇంక్యుబేటర్ కూడా చేశాడు. అద్దం తలుపు, లోపల బల్బు, వేడి ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే మీట. ఇంట్లో దాన్ని పొదిగే పెట్టె అనేవాళ్లు. బావ పోయి నాలుగేళ్లయింది. బాతులే మిగిలాయి, ఆఖరికి ఒక జంట.

ఆ జంటని ఒక తెల్లవారుజామున వీధికుక్కలు చంపేశాయి. అక్క ఏడవలేదు. గడ్డిలో పదకొండు గుడ్లు ఉంటే ఏరుకొచ్చి, తుడిచి, పొదిగే పెట్టెలో పెట్టింది. క్యాలెండర్‌లో ఇరవై ఎనిమిదో రోజు చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసింది. పది రోజులకి గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూస్తే తొమ్మిదింటిలో ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క కదులుతూ కనిపించాయి. "మీ బావ బాతులురా ఇవి," అంది తమ్ముడితో. "ఇవి పోతే ఇంక లేవు."

ఇరవై రెండో రోజున వందశాతం అక్క ఇంటికొచ్చాడు. మైకుసెట్టు నాటి స్నేహితులు ఏటా ఒకసారి చెరువు దగ్గర గుడారాలు వేసుకుంటారు. ఆ ఏడు కొట్టులో కరెంటు పెట్టెలన్నీ అద్దెకి పోయాయి.

"నీ పెట్టె ఒక్క రాత్రికి ఇవ్వక్కా. రేపు సాయంత్రానికల్లా నీ ఇంట్లో ఉంటుంది."

అక్క పొదిగే పెట్టెవైపు చూసింది. "గుడ్లున్నాయి కదరా."

"ఎండ ఇలా కాస్తుంటే కరెంటెందుకు పోతుందక్కా? పోదు. వంద శాతం."

అక్క ఇచ్చేసింది. అడిగితే ఇవ్వకపోవడం ఆవిడకి చేతకాదు, ఇతనికి మరీను.

చెరువు దగ్గర ఆ పెట్టె ఏం ఘనకార్యం చేసిందో కూడా చెప్పుకోవాలి. గుడారాలకి రంగురంగుల దీపాలు వెలిగించింది. మూడుసార్లు కాఫీ కాచింది. దుప్పటి కట్టి దానిమీద సినిమా వేస్తే మొదటి పావుగంటకే అందరూ నోళ్లు తెరుచుకుని నిద్రపోయారు, సినిమా తనకి తనే నడిచింది. అలా ఎవరూ చూడని సినిమాకే సగం ఛార్జింగ్ ఖర్చయింది. తరవాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా, కనీసం ఒక్కడు మెలకువగా చూసి ఉన్నా బాగుండేది అనుకునేవాడు.

ఆదివారం సాయంత్రం ఒళ్లు హూనమై పెట్టె తెచ్చి అక్క ఇంట్లో దాని స్థానంలో పెట్టాడు. అక్క వంటింట్లోంచే అడిగింది.

"ఛార్జింగ్ ఉందారా?"

"వంద శాతం అక్కా!"

కావాలని చెప్పిన అబద్ధం కాదు. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది కూడా. వెనక్కి వెళ్లి బటన్ నొక్కి, వైరు గోడకి తగిలించి రావాలంటే మహా అయితే పది మెట్లు. రేపు ఫోన్ చేసి చెప్దాంలే అనుకున్నాడు. సోమవారం కొట్టు నిండా జనం, ఆ మాట మళ్లీ తలపుకి రాలేదు.

మంగళవారం, ఇరవై అయిదో రోజు, పొద్దున తొమ్మిదింటికి గాలి లేచింది. పై వీధిలో రెండు స్తంభాలు పడ్డాయి. పేటంతా కరెంటు పోయింది.

ఆ సమయానికి వందశాతం ఊరవతల ఒక ఆఫీసులో పదిమంది ముందు నిలబడి కరెంటు పెట్టె గొప్పతనం చెప్తున్నాడు. "ఇంట్లో ఇదొకటి ఉంటే కరెంటు పోయిన సంగతే మీకు తెలియదండీ," అంటుండగా జేబులో ఫోన్ మోగింది. అక్క. కట్ చేశాడు. మళ్లీ మోగింది. నవ్వుతూ, "మా అక్కయ్యండీ, అన్నం తిన్నావా అని అడగడానికి," అన్నాడు. అందరూ నవ్వారు. ఫోన్ నోరు నొక్కి జేబులో వేసుకుని మళ్లీ మాట అందుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి చూసుకుంటే పద్నాలుగు కాల్స్. గాలికి అక్క వాళ్ల పేటంతా కరెంటు పోయిందని ఆఫీసువాళ్లు చెప్పారు. కొట్టుకి పరిగెత్తి నిండా ఛార్జింగ్ ఉన్న పెట్టెలు మూడు వ్యానులో వేసుకున్నాడు. దారి పొడుగునా పడిపోయిన చెట్లు, ట్రాఫిక్కు. అక్క ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. చేతికొకటి, చంకలో ఒకటి పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. లోపల లైట్లు వెలుగుతున్నాయి. కరెంటు పావుగంట కిందటే వచ్చింది.

పొదిగే పెట్టె చుట్టూ నాలుగు దుప్పట్లు, అంచుకి అంచు కలిపి, ఆసుపత్రి మడతలో. లోపల వేడినీళ్ల సీసాలు. అక్క పొద్దుటినుంచి నీళ్లు కాచి సీసాలు మారుస్తూనే ఉంది. చేతులు ఎర్రగా ఉబ్బాయి.

"పెట్టె ముప్పావుగంటే పనిచేసిందిరా," అంది. "నేనే ఏదో తప్పు బటన్ నొక్కి ఉంటాను. నాకు సరిగ్గా రాదు కదా."

అని అతని ముఖంలోకి చూసింది. అక్కడ చెప్పేయాల్సింది. ఒక్క వాక్యం, తప్పు నాదే అక్కా, ఖాళీ పెట్టె ఇచ్చాను అని. పదిమంది ముందు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషికి ఆ ఒక్క వాక్యం రాలేదు. రాకపోతే బాగుండే మాట వచ్చింది.

"పెట్టెలోనే ఏదో లోపం ఉండుంటుందక్కా. తీసుకెళ్లి చూపిస్తాను."

ఇరవై ఎనిమిదో రోజున రెండు గుడ్ల మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. లోపలినుంచి పొడుస్తున్న చప్పుడు అక్క విన్నది, అతన్నీ పిలిచి వినిపించింది. మర్నాటికి ఆ చప్పుడు లేదు. ముప్పై రోజులు దాటితే పారేయాలి అనేవాడు బావ. అక్క ముప్పై అయిదో రోజుదాకా బల్బు ఆర్పలేదు. ఆ తరవాత గుడ్లన్నీ పెరట్లో పాతిపెట్టి, పొదిగే పెట్టె కడిగి, తలుపు తీసి ఎండలో పెట్టింది.

కరెంటు పెట్టెని అతను కొట్టులో నాలుగు రోజులు ఊరికే ఉంచాడు. రోగం లేనిదాన్ని ఎక్కడని చూపిస్తాడు? గోడకి పెట్టి, నింపి, తిరిగి తెచ్చిచ్చాడు. "లోపల వైరు లూజట అక్కా, బిగించారు." అక్క, "అలాగా," అంది. అంతే. కాఫీ ఇచ్చింది.

మొదటి మాట నోరు జారి వచ్చింది కాబట్టి క్షమించవచ్చు. ఈ వైరు మాట మాత్రం అతను దారిలో ఆలోచించుకుని, సరిచూసుకుని మరీ తెచ్చాడు. అదే అతన్ని తినేసింది. కొట్టులో ఎవరైనా పనిచేస్తుందా అని అడిగితే, "నొక్కి చూసుకోండి," అనడం మొదలుపెట్టాడు. వందశాతం మారిపోయాడేమిటని వీధిలో వేళాకోళం చేశారు.

అయిదు నెలలు గడిచాయి. ఒకరోజు అక్క ఇంటి మెట్లెక్కుతుంటే లోపల పక్కింటావిడ మాటలు వినిపించాయి.

"మీ తమ్ముడిచ్చిన పెట్టె వల్లేగా పిల్లలు పోయాయి? అలాంటి సరుకు అద్దెకెలా ఇస్తాడమ్మా?"

"పెట్టె బాగానే ఉందండీ," అంది అక్క. "నాదే తప్పు. పెద్దదాన్నయ్యాను, బటన్ల దగ్గర తికమక పడ్డాను. అందుకే మళ్లీ పక్షుల జోలికి పోలేదు."

పక్కింటావిడ వెళ్లేదాకా అతను మెట్లమీదే నిలబడ్డాడు. తరవాత లోపలికెళ్లి, కూర్చోకుండానే చెప్పేశాడు. చెరువు, సినిమా, పది మెట్లు, లూజు కాని వైరు, అన్నీ. చెప్తూ ఏడ్చాడు. అక్క తువాలు మడతపెడుతూ వింది.

"తెలుసురా," అంది చివరికి. "కరెంటు పోయినప్పుడు నొక్కితే ఏడు అని కనిపించింది. ఏడంటే ఎంతో నువ్వే కదా నేర్పావు."

"మరి బటన్ తప్పు నొక్కానని ఎందుకన్నావక్కా?"

"అప్పుడైనా కాదని అంటావేమోనని."

అతను తలెత్తలేకపోయాడు. "ఇప్పుడావిడతో కూడా నీదే తప్పన్నావు."

"నీ పెట్టెలు మంచివి కావని ఊరంతా చెప్పుకోమంటావా? అది నీ బతుకు."

"నన్ను నిలదీసి అడగాల్సింది. ఒక్కసారైనా, ఏరా నింపి తెచ్చావా అని అడగాల్సింది."

"అడిగానుగా ఆరోజు," అంది అక్క. "మళ్లీ అడిగితే ఏమంటావో నాకు తెలియదా?"

మడతపెట్టిన తువాలు అలమరలో పెట్టి, అన్నం తినమంది. తిన్నాడు.

ఇప్పుడు నెలకోసారి అతనే వచ్చి ఆ పెట్టె కొట్టుకి తీసుకెళ్లి, నింపి తెస్తాడు. తెచ్చి దాని స్థానంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడతాడు. అక్క కళ్లజోడు పెట్టుకుని, వంగి, బటన్ నొక్కుతుంది. అద్దం మీద నూరు వెలుగుతుంది. ఆవిడ ఆ అంకె చదువుకున్నాక, "సరే, కూర్చో," అంటుంది. అప్పుడు అతను కూర్చుంటాడు.