స్పెయిన్ చూసొచ్చిన మంకీ క్యాప్

దయ్యాలను నమ్మేంత తీరిక నాకు ఎప్పుడూ లేదు. పాయింట్ కుక్ నుంచి మెల్‌బోర్న్ సిటీకి రోజూ కారులో వెళ్లొచ్చేవాడికి ఫ్రీవే చూపించే నరకం ముందు దయ్యాలు ఏపాటి? మొన్న ఏప్రిల్ దాకా నా అభిప్రాయం ఇదే.

మా పక్కింటి శ్రీధర్ భార్యాపిల్లలతో స్పెయిన్ వెళ్లాడు. దక్షిణాన ఉన్న పాత ఊళ్లన్నీ అద్దె కారులో చుట్టేస్తాడట. అక్కడ వసంతం. ఇక్కడ మాకు చలి మొదలు. అతను నారింజ పూల కింద నవ్వుతున్న ఫోటో మా వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి నేను పెరట్లో రాలిన ఆకులు ఎత్తుతున్నాను. కడుపులో లేచిన ఆ మంట మీద వీధి మొత్తానికీ అట్లు పోయొచ్చు.

నా నెత్తిన మా అత్తగారు అల్లిన మంకీ క్యాప్ ఉంది. గోధుమరంగు ఊలు చాలక ఎడమ చెవి ఎర్ర ఊలుతో ముగించారు. అలాంటి టోపీ భూగోళం మీద రెండోది ఉండే అవకాశం లేదు. ఉంటే ఆ మనిషికి నా సానుభూతి.

శ్రీధర్‌కు పొట్ట వచ్చిందా, హోటల్ గోడ పెచ్చులూడిందా అని ప్రతి ఫోటోనూ పెద్దది చేసి వెతికేవాణ్ణి. సెవిల్ ఊళ్లో దిగిన ఫోటోలో పొట్టకు బదులు, వీధి చివర ఒక మంకీ క్యాప్ కనిపించింది. ఎడమ చెవి ఎరుపు.

తర్వాతి ఊరు కోర్డోబా ఫోటోలో ఆ టోపీ మనిషి ఇంకా దగ్గరికి, పూలకుండీల పక్కకి వచ్చాడు. ముఖం నాదే. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి చూపించాను.

"డాడ్, దట్స్ యూ. వై సో యాంగ్రీ?" అంది.

రోండా ఫోటోలో అతను శ్రీధర్ వెనకే, కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కింద శ్రీధర్ రాశాడు, రేపు కొండదారి అని. నా మంట చప్పున ఆరిపోయింది. ఆ కారులో పిల్లలున్నారు.

మా ఆవిడ లలితకు చెప్పాను. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, "కాలెత్తండి" అంది. దిష్టి పెట్టినవాళ్ల కాలి కింది మట్టి కలపడం వాళ్ల పుట్టింటి పద్ధతి.

"నా మట్టే ఎందుకు?"

"వీధిలో ఇంకెవరైనా ఏడుస్తుంటే చెప్పండి, వాళ్లదే తెస్తాను."

కాలెత్తాను.

ఫోన్‌లో ఆ ఫోటో పెట్టి, దాని చుట్టూ గుప్పిట తిప్పి, పెరట్లో బార్బెక్యూ నిప్పుల్లో వేసింది. మామూలుగా ఒక్క మిరపకాయ మాడినా పక్క ఊరు జీలాంగ్ దాకా జనం దగ్గాలి. గుప్పెడూ బూడిదైనా మా ఇద్దరికీ తుమ్మైనా రాలేదు. దిష్టి గట్టిదైతే ఘాటు రాదని లలిత అంది.

మర్నాడు కొండ దిగాక శ్రీధర్ పెట్టిన ఫోటోలో వాళ్లు నలుగురే ఉన్నారు. ఇక్కడ ఇంట్లో నా టోపీ మాత్రం కనబడలేదు. వాషింగ్ మెషీన్ కడుపు కూడా తడిమాను.

తిరిగొచ్చాక శ్రీధర్ చాక్లెట్లతో పాటు ఒక కవర్ తెచ్చాడు.

"కారు అప్పజెప్పేటప్పుడు వెనక సీట్లో దొరికింది అన్నయ్యా. మీదే కదా? మా సామాన్లలోకి ఎలా వచ్చిందో."

ఎడమ చెవి ఎరుపు. లోపలి అల్లికలో ఎండిన నారింజ పువ్వు ఇరుక్కుని ఉంది. వాళ్లు విమానం ఎక్కిన తర్వాత కూడా ఆ టోపీ రోజూ నా నెత్తినే ఉంది. ఎలా వెళ్లిందో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడది గరాజ్‌లో మేకుకు వేలాడుతోంది. నేను పెట్టుకోవడం లేదు. భయం కొంత. మిగతాదంతా ఆ పాత మంటే. స్పెయిన్ చూసొచ్చింది అది, నేను కాదు.